పాత స్కానరుకు తలంటు

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)

ఈవేళ నేను మాట్లాడబోయే వస్తువు పేరు వినగానే, "అది మగవాళ్ళ ఆఫీసు సామాను కదా, మనకెందుకూ?" అని మీలో కొందరు రేడియో కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోవచ్చును. ఒక్క నిమిషం ఆగండి. ముందు మా మెట్టుగూడలో జరిగిన సంగతి చెబుతాను. ఆ తరువాత మీ యిష్టం.

మా పక్కింటి పిన్నిగారి భర్త లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. అది 1893లో పెట్టిన వర్క్‌షాపు. మా పేటలో ఏ యింట్లో చూసినా తాతల కాలం నుంచీ రైల్వే కాగితాలు ట్రంకుపెట్టెల్లో మూలుగుతూనే వుంటాయి. పిన్నిగారి పెట్టెలో అయితే ఒకే కుటుంబానికి మూడు రైల్వేలు! మామగారి కాగితాల మీద నిజాం స్టేట్ రైల్వే, 1964లో బాబాయిగారికి వచ్చిన ఉద్యోగపు ఉత్తర్వు మీద సెంట్రల్ రైల్వే, ఆ తరువాతి వాటి మీద దక్షిణ మధ్య రైల్వే. 1951లో నిజాం రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసిపోయింది, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే విడిగా ఏర్పడింది. కాగితాలు మాత్రం అన్నీ ఆ పెట్టెలోనే.

బాబాయిగారు పోయాక కుటుంబ పింఛను సంగతి వచ్చింది. ఒక కాగితంలో పిన్నిగారి పేరు యింటిపేరుతో సహా వుంది. ఇంకోదానిలో ఒట్టి పేరు. ఆధార్ కార్డులో మూడో రకం. "పాతవన్నీ పట్టుకురండి, ఒక్కో సెట్టు నకలు యివ్వండి" అన్నారు. పాపం ఆవిడ సంచీలో అసలు కాగితాలన్నీ వేసుకుని నకళ్ళు తీసే దుకాణానికి వెళ్ళింది. అక్కడ తొందర, జనం, కరెంటు పోవడం, రావడం. తీరా యింటికొచ్చి చూసుకుంటే ఒక కాగితం లేదు! మిషను మూత కింద అద్దం మీదనే వుండిపోయింది. మర్నాడు వెళ్ళి అడిగితే "మేం చూడలేదమ్మా" అన్నారు. వాళ్ళ తప్పూ పూర్తిగా అనలేం, రోజుకు ఎన్ని వందల కాగితాలో! ఆ ఒక్క కాగితం కోసం ఆవిడ తిరిగినది నాలుగు నెలలు. అఫిడవిట్టు, సాక్షులు, మళ్ళీ దరఖాస్తు.

అప్పుడనుకున్నాం, మా మెట్ల మీద వున్న నాలుగిళ్ళవాళ్ళమూ. కాగితాలు గడప దాటకుండా నకలు తీసుకునే ఉపాయం ఏదైనా వుంటే బాగుండునని. కొత్త స్కానరు, అందులోనూ కాగితాలను తనంతట తాను లాక్కునే రకం, ధర వింటే కళ్ళు తిరుగుతాయి. సరే, తలా ఆరువందల యాభై వేసుకుని పాతది కొన్నాం. మొత్తం రెండు వేల ఆరువందలు.

"సెల్‌ఫోనులో ఫొటో తీస్తే సరిపోదా?" అని మా అమ్మాయి అడిగింది. నిజం చెప్పాలంటే నాలుగు కాగితాలకైతే సరిపోతుంది. దానికోసం డబ్బు తగలెయ్యనక్కర్లేదు. కానీ రెండువందల కాగితాలు, రెండు వైపులా రాసినవి, చిన్న అక్షరాలు, మధ్యలో మన చెయ్యి నీడ, మూలలు వంకర... పదో కాగితానికి విసుగొస్తుంది, ఇరవయ్యోదానికి నడుం నొప్పి.

ఈ స్కానరు అనేది ఎప్పటి నుంచీ వుందనుకున్నారు? 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అనే ఆయన మొట్టమొదటిసారి ఒక ఫొటోను కంప్యూటరులోకి ఎక్కించాడు. ఆ ఫొటో ఎవరిదంటే మూడు నెలల తన పసివాడిది! అడ్డంగా 176 చుక్కలు, నిలువుగా 176 చుక్కలు, అంతే బొమ్మ. మనం ముగ్గు పెట్టినట్లే అనుకోండి. ఈనాటి యంత్రం కూడా చేసేది అదే, చుక్కలు పెట్టడమే. కాకపోతే అంగుళానికి మూడువందల చుక్కలు పెడుతుంది. మామూలు కాగితాలకు ఆ మూడువందలు చాలు. అంతకు మించి పెడితే యంత్రం నెమ్మదిస్తుంది, కంప్యూటరు నిండుతుంది.

పాతది కొనేటప్పుడు ఏం చూడాలో ముందు చెబుతాను. మన సికింద్రాబాదులో కంప్యూటరు సామాను అంటే పార్క్‌లేన్, అక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటర్. మెట్టుగూడ వాళ్ళకు ఎంతో దూరం కాదు. వెళ్ళేటప్పుడు ఒట్టి చేతులతో వెళ్ళకండి. చీర కొనబోతే జాకెట్టు ముక్క తీసుకెళ్ళమూ? అలాగే ఒక పది పాత కాగితాలు, మచ్చలేని ఒక తెల్లకాగితం, ఒక ఫొటో సంచీలో వేసుకు వెళ్ళండి. దుకాణంవాడు తన కాగితంతో చూపించేది కాదు, మన కాగితంతో మనం చూసుకోవాలి. పది కాగితాలూ పెట్టి, పదీ విడివిడిగా వెళుతున్నాయా, రెండేసి కలిసి పోతున్నాయా గమనించండి. చాలా యంత్రాల్లో ఇప్పటివరకు ఎన్ని కాగితాలు తీసిందో లెక్క వుంటుంది, కారుకు మైలేజీ మీటరు వున్నట్లు. అది చూపించమనండి.

అడాప్టరు, అంటే కరెంటు పెట్టె, యంత్రంతో వచ్చినదేనా అని అడగండి. యంత్రం మీద రాసిన వోల్టులూ అడాప్టరు మీద రాసిన వోల్టులూ ఒక్కటిగా వుండాలి. ఆంపియర్లు తక్కువ వుండకూడదు. ప్లగ్గు పట్టింది కదా అని ఏదో ఒకటి గుచ్చితే లోపలి సర్క్యూటు మాడిపోతుంది. ఇంకొకటి, అన్నిటికంటే ముఖ్యం. ఆ మోడలు మన యింట్లోని కంప్యూటరుతో మాట్లాడుతుందా? చాలా పాత స్కానర్లకు కొత్త విండోస్‌లో పనిచేసే డ్రైవరు యివ్వడం కంపెనీలు మానేశాయి. యంత్రం గుండ్రాయిలా వున్నా, డ్రైవరు లేకపోతే అది మూతవున్న అద్దమే. వ్యూస్కాన్ అని డబ్బిచ్చి కొనుక్కునే ప్రోగ్రాము వుంది, అది కొన్ని వేల పాత మోడళ్ళను నడిపిస్తుంది. లినక్స్ వాడేవారికి సేన్ అని ఉచితంగానే వుంది. ఈ రెంటిలో మీ మోడలు పేరు వుందో లేదో పిల్లల చేత ముందే చూపించుకుని వెళితే బేరానికి ధైర్యం వస్తుంది.

మరొక చిన్న సంగతి. పల్చగా వుండి, కంప్యూటరు వైరు నుంచే కరెంటు తీసుకునే స్కానర్లు వుంటాయి. అవి తేలిక, చవక. కానీ కాగితం అద్దానికి పూర్తిగా అంటుకుని వుంటేనే అక్షరం స్పష్టంగా వస్తుంది. ముడతలు పడ్డ కాగితానికి పనికిరావు. మందంగా, బరువుగా, లోపల దీపమూ అద్దాలూ కటకమూ వుండే పాత రకం కాస్త ఎత్తుపల్లాలను కూడా ఓర్చుకుంటుంది. 2020 అక్టోబరు వానలకు రామంతాపూర్‌లో మా ఆడపడుచు యింట్లోకి నీళ్ళొచ్చి, బీరువా కింది అరలో కాగితాలన్నీ తడిసి, ఆరాక అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. వాటి కోసమే మేము బరువైన రకం ఎంచుకున్నాం. పైన కాగితాలు లాక్కునే తొట్టి, కింద అద్దం, రెండూ వున్నది.

తెచ్చిన రోజే భయపెట్టింది. స్విచ్చి వేయగానే గరగరమని తిరగలి విసిరిన చప్పుడు! పళ్ళచక్రం విరిగిందనుకుని నాలుగిళ్ళవాళ్ళమూ మొహాలు చూసుకున్నాం. తీరా చూస్తే అడుగున చిన్న తాళం గుర్తు. ప్రయాణంలో లోపలి బండి కదలకుండా బిగించే మీట అది. దాన్ని తిప్పకుండా స్విచ్చి వేస్తే కదలబోయి కదలలేక అరుస్తుంది. మీట తిప్పాక చప్పుడు పోయింది. మళ్ళీ ఎక్కడికైనా మోసుకెళ్ళేటప్పుడు బిగించాలి.

చప్పుడు పోయింది గాని, తొట్టిలోంచి వెళ్ళిన ప్రతి కాగితం మీదా పైనుంచి కిందికి ఒక నల్లగీత. పైగా మూడేసి కాగితాలు కలిసి పోతున్నాయి. సర్వీసు చేయించడానికి అడిగితే వెయ్యిన్నర అన్నారు. కొన్నదే రెండు వేల ఆరువందలకు! అందుకే మేమే దిగాం.

ఈ గీత సంగతి మీకు అర్థమైతే సగం రిపేరు వచ్చేసినట్లే. అద్దం మీద కాగితం బోర్లించి తీసినప్పుడు కాగితం కదలదు, కింద కన్ను కదులుతుంది. అప్పుడు అద్దం మీద నలుసు వుంటే నకలులో ఒక చుక్కగా కనిపిస్తుంది. తొట్టిలోంచి తీసినప్పుడు కన్ను ఒకచోటే నిలబడి వుంటుంది, కాగితం దాని మీదుగా జారిపోతుంది. అప్పుడు అదే నలుసు కాగితం పొడుగునా గీతగా పడుతుంది. గుమ్మానికి మేకు వుంటే పమిట పొడుగునా చీరుకుపోదూ? అలాగ. కనుక గీత పడితే పెద్ద అద్దాన్ని ఎంత తుడిచినా లాభం లేదు. దాని పక్కన వేలెడు వెడల్పున సన్నటి అద్దపు పట్టీ ఒకటి వుంటుంది. దోషం అక్కడ. మేము రెండు రోజులు పెద్ద అద్దాన్నే తుడిచాం, అందుకని చెబుతున్నాను.

ఇక తలంటు. ప్లగ్గు తీసేయండి, స్విచ్చి కట్టడం కాదు. దీపం చల్లారే దాకా ఒక అరగంట ఆగండి. గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టండి. అద్దం మీద గీత పడితే దానికి మందు లేదు.

మొదట పొడి పని. తడి గుడ్డతో మొదలుపెడితే దుమ్ము బురదై మూలల్లోకి పోతుంది. కెమేరాలకు వాడే రబ్బరు బుడగ దొరుకుతుంది, దాన్ని నొక్కుతూ దుమ్ము ఊదాలి. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. మా యంత్రం తొట్టి మూత తీసి చూద్దుము కదా, లోపల ఒక స్టేపులు పిన్ను, కరిగి అతుక్కున్న సగం రబ్బరు బాండు! కనుబొమ్మలు దిద్దుకునే చిమటాతో మెల్లిగా లాగాం.

తరువాత తడి. దేనితో తుడవాలి? ఇక్కడే పొరపాట్లు జరుగుతాయి. మందుల దుకాణంలో గాని, ఎలక్ట్రానిక్ సామాను దుకాణంలో గాని ఐసోప్రొపైల్ ఆల్కహాలు అడగండి. చిన్న సీసా మాకు నూటనలభై అయింది. ఇంట్లో వుంది కదా అని చేతులకు రాసుకునే శానిటైజరు వాడకండి. దానిలో గ్లిజరిను వుంటుంది, జిడ్డు మిగులుతుంది. దెబ్బలకు తుడిచే స్పిరిటులో కూడా కొన్నింట నూనె కలుస్తుంది. కిరసనాయిలు, పెట్రోలు, థిన్నరు, గోళ్ళరంగు చెరిపే ద్రవం, యివి ప్లాస్టిక్కునూ రబ్బరునూ తినేస్తాయి. అద్దాలు తుడిచే నీలం మందును యంత్రం మీద పిచికారీ చేయకండి. అంచుల్లోంచి అద్దం కిందికి దిగితే లోపల మరక కడుతుంది, ఇక విప్పక తప్పదు. అసలు ఏదైనా గుడ్డ మీద వేసుకోవాలి గాని యంత్రం మీద కాదు. గుడ్డ పిండితే నీరు రాకూడదు, ముట్టుకుంటే చెమ్మ తెలియాలి, అంతే. ఆల్కహాలు వాడేటప్పుడు కిటికీలు తెరిచి వుంచండి. పొయ్యి, దీపారాధన దరిదాపుల్లో వుండకూడదు, భగ్గున అంటుకుంటుంది.

గుడ్డ సంగతి. కిటికీ అద్దాలకు మనం న్యూస్‌పేపరు వాడుతాము, ఇక్కడ వద్దు, సిరా అంటుతుంది. పాత తువ్వాలు నూగు రాలుస్తుంది. కళ్ళజోడుకిచ్చే మెత్తటి గుడ్డ వుంటే అదే మేలు. లేదా అరవై రూపాయల మైక్రోఫైబరు గుడ్డ.

పెద్ద అద్దాన్ని ఒకేవైపుగా తుడిచి, పొడి భాగంతో మళ్ళీ ఆరేలా తుడవండి. తరువాత ఆ సన్నటి పట్టీ. దాని మీద మాకు గోధుమరంగు చుక్క ఒకటి కనిపించింది. జిగురు అనుకుంటాను. రెండుసార్లు తడిగుడ్డ అద్ది, మెత్తబడ్డాక తుడిస్తే పోయింది. బ్లేడు పెట్టి గీకుదామని మా వదిన అంది, నేను చెయ్యి పట్టుకున్నాను. రెండువైపులా ఒకేసారి తీసే యంత్రమైతే ఎదురుగా ఇంకో పట్టీ వుంటుంది, దాన్ని మరిచిపోకండి. మూత కింది తెల్లటి పలకను కూడా తుడవాలి.

ఇప్పుడు రబ్బరు రోలర్లు. కాగితాల పొడి, సిరా, మన చేతి జిడ్డు పట్టి, అరిగిన చెప్పు అడుగులా నున్నగా అయిపోతాయి. దాంతో పట్టు పోతుంది. ఆల్కహాలు తడిపిన గుడ్డను ఆనించి, వేలితో రోలరును మెల్లిగా తిప్పుతూ చుట్టూ తుడవాలి. గుడ్డ నల్లబడుతుంది. మాకైతే నాలుగు గుడ్డముక్కలు బొగ్గులా అయ్యాయి. తుడిచాక రోలరును వేలితో తాకితే కాస్త పట్టుకున్నట్లుండాలి. నూనె మాత్రం వేయకండి, కుట్టుమిషను అలవాటుతో చెయ్యి నూనె సీసా మీదికి పోతుంది! ఇక్కడ రబ్బరుకు నూనె తగిలిందా, కాగితం జారడమే జారడం.

తుడిచాక గీత పోయింది. కాగితాలు మాత్రం ఇంకా అప్పుడప్పుడు రెండేసి వెళ్ళాయి. పార్క్‌లేన్‌లో ఒక మెకానిక్ దగ్గరికి ఆ రోలరు ఒక్కటే పట్టుకెళ్ళాను. వెలుతురులో పెట్టి చూసి, "గిది అరిగిపోయిందమ్మా. తుడిస్తే ఏం ఫాయిదా? ప్యాడు, రోలరు కొత్తయి ఏస్తే మంచిగ నడుస్తది" అన్నాడు. కొందరు సన్నటి గరుకు కాగితంతో రుద్ది కొంతకాలం నడిపిస్తారట. ఆ మాటా అడిగాను. "నెలకోసారి వస్తవా మరి?" అని నవ్వాడు.

నిజమే, అవి అరగడానికే పెట్టిన భాగాలు. మన చీపురు లాంటివి. ఫుజిట్సు వారి స్కాన్‌స్నాప్ ఎస్ 1500 అనే మోడలుకు కంపెనీ చెప్పిన లెక్క ఏమిటంటే, కాగితాలను విడదీసే ప్యాడును యాభైవేల కాగితాలకు, లాగే రోలరును లక్ష కాగితాలకు, లేదా ఏడాదికోసారి మార్చమని. ఆఫీసులు ఈ ఖర్చు చూసుకుని యంత్రాన్నే అమ్మేస్తూ వుంటాయి. మనకు చవకగా దొరికేది అందుకే. పాడైపోయినదని కాదు, వందల రూపాయల రబ్బరు ముక్క అరిగినదని. అందుచేత బేరం చేసేటప్పుడు, ఆ మోడలుకు ప్యాడూ రోలరూ విడిగా దొరుకుతాయా అని ముందే కనుక్కోవాలి. దొరకకపోతే ఎంత చవకైనా వద్దు. మాకు ఆ జత అయిదువందల యాభైకి దొరికింది. అంతకు ముందు ఆల్కహాలు, గుడ్డ, ఊదే బుడగ కలిపి రెండువందల తొంభై. మొత్తం ఎనిమిదివందల నలభై. అడిగిన వెయ్యిన్నరలో సగానికి కాస్త ఎక్కువ. ఇందులో సీసా ఇంకా సగం మిగిలే వుంది.

అద్దం లోపలివైపు పొగమంచులా మసక కమ్మితే ఏం చేయాలి? పాత వాటికి అది వస్తుంది, లోపలి ప్లాస్టిక్కు నుంచి వచ్చే ఆవిరి అద్దానికి పడుతుంది. దానికి పైభాగం విప్పాలి. స్క్రూలు రబ్బరు కాళ్ళ కిందా స్టిక్కర్ల కిందా దాగి వుంటాయి, లోపల పల్చటి రిబ్బను తీగలు వుంటాయి. లోపలి చిన్న అద్దాలను ముట్టుకుంటే అంతే సంగతులు. పాత రకాల్లో దీపం గాజుగొట్టంలో కొంచెం పాదరసం కూడా వుంటుంది, పగలకూడదు. నకలు చదవగలిగేలా వస్తున్నంత వరకు విప్పొద్దని నా సలహా. విప్పక తప్పదంటే ఆ ఒక్క పనీ తెలిసినవాడికి అప్పగించండి.

యంత్రం శుభ్రపడింది గదా అని పెట్టెలోని కాగితాలన్నీ తొట్టిలో పెట్టేయకండి. పిన్నులూ క్లిప్పులూ అన్నీ తీయాలి, తడిమి మరీ చూడాలి. జిగురు టేపు వేసినవి, రెవెన్యూ స్టాంపు లేచిపోతున్నవి, చిరిగినవి, ఉల్లిపొర లాంటి కార్బను నకళ్ళు, యివన్నీ అద్దం మీద ఒక్కొక్కటే. తొట్టి లాగిందంటే ఆ కాగితం ముక్కలే. పల్చటి కాగితంలో వెనకవైపు రాత ముందుకు కనిపించి అల్లుకుపోతూ వుంటే, వెనక ఒక నల్లకాగితం పెట్టి తీయండి, రాత విడిపడుతుంది. తీసిన నకళ్ళకు పేరు పెట్టేటప్పుడు ముందు సంవత్సరం, తరువాత విషయం రాస్తే వరుస తప్పవు. ఒక ప్రతి కంప్యూటరులో, ఒకటి పెన్‌డ్రైవులో వేసి, ఆ పెన్‌డ్రైవును వేరే యింట్లో వుంచుకోండి. మా ఆడపడుచు యింట్లో అప్పుడు కంప్యూటరు కూడా నీళ్ళలోనే మునిగింది. అసలు కాగితాలను పారేయకండి సుమండీ, ఆఫీసులో అసలు చూపమంటే అసలే చూపాలి. నకలు వుంటే దానిని సంచీలో వేసుకుని ఊరంతా తిప్పే అవసరం తగ్గుతుంది.

పిన్నిగారి పెట్టె పూర్తికావడానికి మూడు మధ్యాహ్నాలు పట్టింది, నూట ఎనభై ఆరు కాగితాలు. రెండో రోజున ఒక కార్బను నకలు అద్దం మీద పెట్టి తీశాం. మామూలు కంటికి ఆ అక్షరాలు పోయినట్లే వున్నాయి. తెర మీద నలుపు కాస్త పెంచేసరికి వరుసలు తేలాయి. బాబాయిగారు ఉద్యోగంలో వున్న రోజుల్లో ఆఫీసుకు రాసుకున్న అర్జీ అది. అందులో భార్య పేరు యింటిపేరుతో సహా, కింద ఒట్టి పేరూ, "ఈ రెండు పేర్లూ ఒకరివే" అని ఆయన సంతకం. నాలుగు నెలలు తిరిగింది దాదాపు ఈ మాట కోసమే. పిన్నిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అప్పుడే రాసి పెట్టారు చూడవే" అంది.

యంత్రం ఇప్పుడు ఆవిడ యింట్లోనే వుంది. పాత దుప్పటితో ముసుగు కుట్టింది. వచ్చే శనివారం కింది వాటా వాళ్ళ వంతు. వాళ్ళది స్థలం దస్తావేజుల మూట, అందులో కొన్ని ఉర్దూవి. అవి చాలా పాతవి, అద్దం మీదే తీయాలని ముందే చెప్పి వుంచాను.